లైబ్నిట్జ్

జర్మనీ దేశమున లైప్జిగ్ అను పట్టణము కలదు. విద్యలకును గ్రంథ విక్రయమునకును అది పూర్వమునుండియు పేరెన్నికగన్నది. ఆ పట్టణపు విశ్వవిద్యాలయమున నీతిశాస్త్రమును బోధించుచుండిన ఫ్రీడ్రిఖ్ లైబ్నిట్జ్ అను ఆచార్యునకు 1646వ సంవత్సరము జూలై 1వ తేదీన ఒక కుమారుడు జనించెను. ఆ శిశువునకు గాట్‌ఫ్రీడ్ విల్హెల్మ్ అని పేరిడిరి. ముప్పది యేండ్ల యుద్ధము ఆ దేశమును ధ్వంసము చేసి, ఇంకను పూర్తిగా చల్లారని కాలమది.

బాలునకు ఆఱేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆ తండ్రి విడిచిపోయిన సంపదలో మిక్కిలి విలువైనది ఆయన గ్రంథాలయము. కొంతకాలము పెద్దలు ఆ గది తలుపు బాలునకు తెఱవలేదు. ఎనిమిదేండ్లు వచ్చుసరికి అనుమతి లభించెను. అందలి గ్రంథములు లాటిన్ భాషలో నున్నవి. బాలునకు ఆ భాష రాదు. బొమ్మలున్న పుస్తకమును ముందు పెట్టుకొని, బొమ్మనుబట్టి క్రింది మాట అర్థమును ఊహించుచు, ఊహను మఱియొక పుటలో సరిచూచుకొనుచు, గురువు సహాయము లేకయే అతడు లాటిన్ నేర్చెను. తెలియని గుర్తులనుండి తెలిసిన భావమును రాబట్టు ఈ అలవాటు అతనిని కడవఱకు విడువలేదు.

పదునాలుగవ యేట విశ్వవిద్యాలయమున చేరి తత్త్వశాస్త్రమును, న్యాయశాస్త్రమును అభ్యసించెను. ఇరువదవ యేట డాక్టరు పట్టము కోరగా లైప్జిగ్‌వారు ఇచ్చుటకు సమ్మతింపరైరి. లైబ్నిట్జ్ వాదములాడక ఊరు విడిచి ఆల్ట్‌డార్ఫ్ విశ్వవిద్యాలయమునకు పోయెను. 1667లో వారు పట్టమిచ్చుటయే కాక ఆచార్య పదవిని కూడ ఇవ్వజూపిరి. అతడు దానిని స్వీకరింపలేదు. లోకవ్యవహారములలో తిరిగి, రాజులచే మంచి పనులు చేయింపవలెనని అతని కోరిక. ఆ కోరిక ఎంతవఱకు నెఱవేఱినదో ముందు చూడగలరు.

అంతకు ముందే, 1666లో, అక్షరములను సంఖ్యలను కలిపి కూర్చు పద్ధతులను గూర్చి అతడొక గ్రంథమును ప్రకటించెను. అక్షరముల కూర్పువలన సమస్త పదములును ఏర్పడినట్లే, కొలది మూలభావముల కూర్పువలన మానవుని తలంపులన్నియు ఏర్పడుచున్నవని అతని నమ్మకము. మూలభావములకు సరియైన గుర్తులను కనుగొన్నచో, పండితులు వాదములలో కేకలు వేయనక్కఱలేదు. బలపము చేతబట్టి లెక్క వేసి సత్యమును తేల్చుకొనవచ్చును. ఈ కల సంపూర్ణముగ ఫలింపలేదు, ఫలించునదియు కాదు. కాని గుర్తులను ఆచితూచి ఎన్నుకొనవలెనను పట్టుదల ఈ కలనుండియే అతనికి పుట్టినది.

మైంజ్ ప్రభువు కొలువున కొన్నియేండ్లు గడపి, రాజకార్యముపై 1672లో లైబ్నిట్జ్ పారిస్ నగరమునకు వెళ్లెను. ఆ రాజకార్యము ఏమియు కాలేదు. అచట క్రిస్టియాన్ హైగెన్స్ అను మహాగణితవేత్తతో పరిచయము కలిగెను. అప్పటికి లైబ్నిట్జ్‌నకు గణితమున లోతైన జ్ఞానము లేదు. హైగెన్స్ అతనికొక లెక్కనిచ్చెను. 1, 3, 6, 10, 15 మొదలగునవి త్రిభుజ సంఖ్యలు. 1, 1/3, 1/6, 1/10, 1/15 అని అంతులేకుండ కూడుచు పోయిన మొత్తమెంత?

లైబ్నిట్జ్ ఆ భిన్నములన్నిటిని సగము చేసి చూచెను. 1/2, 1/6, 1/12, 1/20 అని వచ్చును. ఇందు 1/2 అనగా 1లోనుండి 1/2 తీసివేయగా మిగిలినది. 1/6 అనగా 1/2లోనుండి 1/3 తీసివేయగా మిగిలినది. 1/12 అనగా 1/3లోనుండి 1/4 తీసివేయగా మిగిలినది. వీనినన్నిటిని వరుసగా కూడినచో ఒకచోట తీసివేసినది మఱుచోట వచ్చి చేరుచుండును; కట్టకడపట మొదటి 1 మాత్రము నిలుచును. సగముల మొత్తము 1 కనుక అసలు మొత్తము 2. పలకపై మీరును చేసి చూడవచ్చును. కూడిక యనునది భేదములను తిరుగవేయుటయే యని ఈ చిన్న లెక్క అతనికి తెలిపెను. అతని గణితమునకంతకు ఇదియే బీజము.

పారిస్‌లో నున్న నాలుగేండ్లును అతని జీవితమున సువర్ణకాలము. గుణకారమును చేయగల యంత్రమొకటి కల్పించి, 1673లో లండన్ నగరమునకు గొనిపోయి రాయల్ సొసైటీవారికి చూపెను. యంత్రము ఇంకను అసంపూర్ణముగనే యున్నను వారతనిని సభ్యునిగ ఎన్నుకొనిరి. వృత్తమును గూర్చి ఒక శ్రేణిని కూడ కనుగొనెను. 1లోనుండి 1/3 తీసి, 1/5 కూడి, 1/7 తీసి, ఈ రీతిగా పోయినచో వృత్తపరిధిని వ్యాసముచే భాగింపగా వచ్చు సంఖ్యలో నాలుగవ వంతు వచ్చును. దీనిని మన కేరళ దేశపు మాధవుడు అంతకు సుమారు మూడువందల యేండ్ల పూర్వమే యెఱుగును. ఆ సంగతి యూరపువారికి అప్పుడు తెలియదు.

1675వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన లైబ్నిట్జ్ తన కాగితములపై ఒక క్రొత్త గుర్తును వ్రాసెను. మొత్తమునకు లాటిన్ భాషలో సుమ్మా అని పేరు. ఆ పదపు మొదటి అక్షరమును నిలువుగా సాగదీసి కూడికకు గుర్తుగా నిలిపెను. భేదమునకు డి అను అక్షరమును గ్రహించెను. నేడు లోకమున కలనగణితము నేర్చు విద్యార్థులందఱును వ్రాయుచున్న గుర్తులివియే.

గుర్తులు దొరికినవి, ఇక వాని నియమములు తెలియవలెను. రెండు రాశులు ఒక్కొక్కటి కొంచెము పెరిగినప్పుడు, వాని మొత్తపు పెరుగుదల ఆ రెండు పెరుగుదలల మొత్తమే. ఇందు సందేహము లేదు. రెండు రాశులను గుణించినచో ఏమగును? లబ్ధపు పెరుగుదల ఆ రెండు పెరుగుదలల లబ్ధమే యగునా? నవంబరు 11వ తేదీన అతడు ఈ ప్రశ్ననే వేసికొనెను. అగుననియే ఎవరికైనను తోచును. కాని అతడు ఉదాహరణమును పట్టి చూచి, అట్లు కాదని గ్రహించెను.

మన విశాఖపట్టణమున హిందూస్థాన్ షిప్‌యార్డులో ఓడలు కట్టుటకు ఉక్కు రేకులను వాడుదురు. ఎండకు రేకు పొడవునను పెరుగును, వెడల్పునను పెరుగును. నిజమైన పెరుగుదల కంటికి కానరానంత స్వల్పము. లెక్క కొఱకు దానిని పెద్దది చేసి చూతము. రేకు పొడవు 100, వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకొనుడు. వైశాల్యము 4000. ఒక్కొక్క కొలత 1 పెరిగినచో 101ని 41చే గుణింపగా 4141 వచ్చును. పెరిగినది 141. ఇది ఎట్లు వచ్చినది? పొడవు వెంట 100 గల సన్నని పట్టీ ఒకటి, వెడల్పు వెంట 40 గల పట్టీ ఒకటి, మూలను 1 గల చిన్న చదరము ఒకటి. పెరుగుదలలను రెండింటిని గుణించినచో మూలనున్న ఆ చదరము మాత్రమే లభించును. పట్టీలు రెండును లెక్కలోనికి రావు. ఇక పెరుగుదల పదియవ వంతే అనుకొందము. 100.1ని 40.1చే గుణింపగా 4014.01. పట్టీలు 14, మూల చదరము 0.01 మాత్రమే. పెరుగుదల తగ్గినకొలది పట్టీలకంటె మూల చదరము మిక్కిలి త్వరగా క్షీణించిపోవును. కావున దానిని విడువవచ్చును, పట్టీలను విడువరాదు.

మొదటి రాశిని రెండవదాని భేదముచేతను, రెండవ రాశిని మొదటిదాని భేదముచేతను గుణించి కూడవలెను. లబ్ధపు భేదమిదియే. 1677నాటికి లైబ్నిట్జ్ ఈ సూత్రమును స్పష్టముగ వ్రాసియుంచెను. 1684లో లైప్జిగ్ పండితుల పత్రికయైన యాక్టా ఎరుడిటోరమ్‌లో ఆఱు పుటల వ్యాసముగ తన పద్ధతిని ప్రకటించెను. అందు ఈ సూత్రమునకు ఉపపత్తి యేమియు చెప్పలేదు. అచ్చు తప్పులును మెండుగ నుండెను. చదివిన వారిలో అనేకులకు అది అర్థము కాలేదు. స్విట్జర్లండునందలి బాసెల్ పట్టణమున యాకబ్ బెర్నూలీ, యోహాన్ బెర్నూలీ అను సోదరులు దానిని పట్టుదలతో సాధించి, యూరపునందంతట వ్యాపింపజేసిరి.

వ్యాసము వెలువడునాటికి లైబ్నిట్జ్ పారిస్‌లో లేడు. అచట ఉద్యోగము దొరకనందున 1676 చివర హానోవర్ ప్రభువు కొలువున చేరియుండెను. చిన్న పట్టణము, చిన్న కొలువు. గ్రంథాలయమును చూచుకొనుట, న్యాయ సలహాల నిచ్చుట అతని విధులు. హార్ట్జ్ కొండలలోని వెండి గనులనుండి నీరు తోడుటకు గాలిమరలను అమర్చెదనని చెప్పి అనేక వర్షములు శ్రమించెను. ఆ ప్రయత్నము విఫలమయ్యెను. 1685లో ప్రభువు తన వంశచరిత్రను వ్రాయుమని ఆజ్ఞాపించెను. ఇది యొక సులభమైన పనియని లైబ్నిట్జ్ తలచి యుండును. పాతపత్రములకై వియన్నా, ఇటలీ దేశములు తిరిగి 1690లో మఱలి వచ్చెను. వంశచరిత్ర అతని మెడకు రాయియై కూర్చుండెను. ముప్పదియేండ్లు వ్రాసినను కథ 1005వ సంవత్సరము దాటలేదు. అంతటి మేధావిచేత ప్రభువులు తాతముత్తాతల పట్టికలు వ్రాయించుట విచారింపదగిన విషయమే. కాని జీతమిచ్చువారి దృష్టి ఎన్నడును అట్లే యుండును.

ఈ పనుల నడుమ అతడు గణితమును ఎప్పుడు చేసెనో ఆశ్చర్యము. సున్న, ఒకటి అను రెండంకెలతోనే సంఖ్యలన్నిటిని వ్రాయు పద్ధతిని గూర్చి 1703లో ప్రకటించెను. నేటి గణన యంత్రములన్నియు ఆ పద్ధతిమీదనే నడచుచున్నవి. సుమారు వేయిమందికి పైగా విద్వాంసులతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెను. అట్టి ఉత్తరములలో యోహాన్ బెర్నూలీకి 1695లో వ్రాసిన దానిని ప్రత్యేకముగ చెప్పవలెను.

భేదమునకు మఱల భేదము తీసినచో నేమగును? లబ్ధమునకు రెండవ భేదము తీసిన మూడు పదములు వచ్చును. వాని ముందు 1, 2, 1 అను గుణకములుండును. మూడవ భేదమునకు 1, 3, 3, 1. రెండు రాశుల మొత్తమును వర్గము చేసినను, ఘనము చేసినను ఈ గుణకములే వచ్చునని మీ రెఱుగుదురు. మన పూర్వులు ఛందశ్శాస్త్రమున మేరు ప్రస్తారమని చెప్పిన సంఖ్యలివియే. మొత్తములను హెచ్చవేయుటకును, లబ్ధములకు భేదములు తీయుటకును ఒకే అచ్చు! వేర్వేరు పనులను ఒకే నియమము నడిపించుచున్నదని లైబ్నిట్జ్ కనిపెట్టి, 1710లో దీనిని అచ్చు వేయించెను. అందలి రాశులు కొలతలా, కాలములా, వైశాల్యములా యన్న ప్రశ్న అక్కడ లేదు. నియమమొక్కటియే ప్రధానము.

ఇంతలో వివాదము ముదిరెను. ఇంగ్లండున ఐజాక్ న్యూటన్ 1665, 1666 సంవత్సరములలోనే ఇట్టి పద్ధతిని కనుగొని, అచ్చు వేయక దాచియుంచెను. 1676లో కొన్ని సంగతులను గూఢముగ ఉత్తరములద్వారా లైబ్నిట్జ్‌నకు తెలిపెను. కొంతకాలమునకు లైబ్నిట్జ్ న్యూటన్ సొమ్మును అపహరించెనని ఆంగ్లేయులు అనసాగిరి. జాన్ కీల్ అను నతడు 1710లో అచ్చయిన వ్యాసమున ఈ నిందను బాహాటముగ మోపెను. లైబ్నిట్జ్ 1711లో రాయల్ సొసైటీకి మొఱపెట్టుకొనెను. ఆ సొసైటీకి అధ్యక్షుడు న్యూటనే! 1712లో నియమింపబడిన విచారణ సంఘము న్యూటన్ పక్షముననే తీర్పు చెప్పెను. ఆ తీర్పును తెర వెనుక వ్రాసినది న్యూటనేయని తరువాత బయటపడినది. లైబ్నిట్జ్‌ను మాత్రము నిర్దోషియని చెప్పజాలము. అతడును పేరు పెట్టకుండ న్యూటన్‌ను దూషించు పత్రమును ప్రకటించెను. ఇరువురును స్వతంత్రముగనే కనుగొనిరని నేటి పండితుల నిర్ణయము. న్యూటన్ ముందు కనుగొనెను. లైబ్నిట్జ్ ముందు ప్రకటించెను. స్వదేశాభిమానముచే ఆంగ్లేయులు లైబ్నిట్జ్ గుర్తులను నిరాకరించి, ఒక శతాబ్దమునకు పైగా గణితమున వెనుకబడిరి.

1714లో హానోవర్ ప్రభువైన గేయార్గ్ ఇంగ్లండునకు రాజయ్యెను. కొలువంతయు లండన్‌నకు తరలెను. తానును వచ్చెదనని లైబ్నిట్జ్ ప్రార్థింపగా, వంశచరిత్ర పూర్తియగువఱకు హానోవర్ విడువరాదని ఆజ్ఞ వచ్చెను. కీళ్లవాతముచే బాధపడుచు, వివాహములేని ఆ వృద్ధుడు కాగితముల గుట్టల నడుమ ఒంటరిగ మిగిలెను. 1716వ సంవత్సరము నవంబరు 14వ తేదీన, డెబ్బదవ యేట మరణించెను. అతని కార్యదర్శి ఎక్‌హార్ట్ కొలువువారినందఱిని అంత్యక్రియలకు ఆహ్వానించెను. కొలువునుండి ఒక్కరును రాలేదు. లండన్‌లోని రాయల్ సొసైటీ గాని, లైబ్నిట్జ్ స్వయముగ 1700లో స్థాపింపజేసిన బెర్లిన్ అకాడమీ గాని ఒక్క సంతాప వాక్యమును పలుకలేదు. మఱుసటి సంవత్సరమున పారిస్ అకాడమీలో ఫోంతెనెల్ అను విద్వాంసుడు మాత్రము ఆయనను శ్లాఘించి ప్రసంగించెను.

మనిషిని మఱచిన లోకము సూత్రమును మఱువలేదు. పందొమ్మిది, ఇరువదవ శతాబ్దములలో గణితవేత్తలు సంఖ్యలను విడిచి, కూడిక గుణకారముల నియమములనే పరిశీలింప మొదలిడిరి. పూర్ణసంఖ్యలలో ఏ రెండింటిని కూడినను, తీసివేసినను, గుణించినను పూర్ణసంఖ్యయే వచ్చును. బహుపదులును అట్టివే. ఇట్టి సముదాయమునకు వలయమని పేరు. వలయములోని ప్రతి అంశమును ఆ వలయములోనిదే యగు ఒక అంశమునకు పంపు ఏర్పాటును ఊహింపుడు. దానిని డి అందము. మొత్తమును మొత్తమునకే పంపవలెను. లబ్ధమును మాత్రము లైబ్నిట్జ్ సూత్రము చొప్పున, అనగా మన ఉక్కురేకు పట్టీల చొప్పున, పంపవలెను. అట్టి ఏర్పాటునకు డెరివేషన్ అని పేరు. ఇందు వేగము లేదు, వైశాల్యము లేదు, స్వల్పమైన పెరుగుదల లేదు. సూత్రమే నిర్వచనమైనది.

పూర్ణసంఖ్యలలో అట్టి డి ఏది? 1ని 1చే గుణించిన 1. సూత్రము ప్రకారము డి(1) అనునది డి(1), డి(1)ల మొత్తము కావలెను. తనకు తాను రెండింతలైనను మారనిది సున్న యొక్కటే. కావున డి(1) సున్న; 2 అనగా 1, 1ల మొత్తము కనుక డి(2)ను సున్న; ఇట్లే తక్కినవన్నియు. పూర్ణసంఖ్యల వలయమున సున్న తప్ప వేఱు డెరివేషన్ లేదు! బహుపదులలో అట్లు కాదు. య అను అక్షరమును 1కి పంపినచో, య వర్గము 2యకు పోవును. కలనగణితమున పై తరగతులలో మీరు నేర్వబోవు ఫలమే యిది.

గుణకారమున వరుస మార్చిన ఫలము మాఱు వలయములు కూడ కలవు. మన రేవులో ఓడను గట్టున నిలిపి సరకు దింపుటయు, సరకు దింపి ఓడను గట్టున నిలుపుటయు ఒకటి కావు గదా. అట్టి వలయమున గ అను ఒక అంశమును స్థిరముగ పట్టుకొని, ప్రతి అంశమును గ చేత ఎడమప్రక్క గుణించి, కుడిప్రక్క గుణించినదానిని తీసివేసినచో, ఆ భేదము కూడ లైబ్నిట్జ్ సూత్రమును పాటించును. వరుస మార్పువలన కలుగు భేదమును, ఎండకు రేకు పెరుగుటవలన కలుగు భేదమును ఒకే నియమమునకు లోబడియున్నవి. లైబ్నిట్జ్ దీనిని చూచియుండిన ఎంత సంతసించి యుండెడివాడో!

1932లో అమెరికాలో జోసెఫ్ రిట్ ఈ మార్గమున ఒక గ్రంథమును వ్రాసెను. 1937లో నేథన్ జేకబ్సన్ డెరివేషన్లను గూర్చి సాధారణ సిద్ధాంతమును ప్రకటించెను. 1957లో పోస్నర్, హెర్‌స్టైన్ అనువారు వలయములపై డెరివేషన్లను, వర్గములకు మాత్రమే సూత్రమును పాటించు జోర్డాన్ డెరివేషన్లను శోధించిరి. కొన్ని వలయములలో వర్గములకు సూత్రము సరిపడినచో లబ్ధములన్నిటికిని సరిపడక తప్పదని హెర్‌స్టైన్ నిరూపించెను. నాటినుండి ఈ విషయముపై మన దేశములోను అనేక పరిశోధనలు జరిగినవి, జరుగుచున్నవి.

వలయముల విద్య విశాఖపట్టణమునకు క్రొత్తది కాదు. 1926లో బెజవాడయందు స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరు మెట్టపైకి వచ్చెను. అచట ఎన్. వి. సుబ్రహ్మణ్యముగారు వలయముల నిర్మాణమును గూర్చి రచించిన వ్యాసములు 1960లో జర్మనీ దేశపు మాథమాటిషె అన్నాలెన్ అను పత్రికలో అచ్చయి వెలువడినవి.